ఇంప్లాంట్ పన్ను నుంచి రాలే టైటానియం రేణువులు చిగుళ్లను, ఎముకను ఏం చేస్తాయి

తిరుపతి, చిత్తూరు పళ్ల ఆస్పత్రుల్లో ఇంప్లాంట్ (పోయిన పన్ను చోట దవడ ఎముకలోకి దించే లోహపు వేరు) మాట ఎత్తగానే వినిపించే ప్రశ్నలు రెండు. ఒకటి ఖర్చు ఎంత అని. రెండోది, “ఆ లోహం కరిగి ఒంట్లో కలవదు కదా?” అని. ఈ రెండో ప్రశ్నకు “టైటానియం కదా, ఏమీ కాదు” అనేసి ఊరుకుంటే సరిపోదు. టైటానియం నుంచి రేణువులు రాలతాయి. చిగుళ్లలో చేరతాయి, ఎముకలోనూ చేరతాయి. ఏ ఇబ్బందీ లేని ఇంప్లాంట్ చుట్టూ కూడా అవి కనిపిస్తాయి. అయితే ఎంత రాలాలన్నది లోహం ఒక్కటే తేల్చదు. దాన్ని బిగించిన తీరు, పైన కూర్చోబెట్టిన భాగాల అమరిక, చుట్టూ పేరుకున్న పాచి, ఆ పాచి తీయడానికి వాడిన పనిముట్టు కలిసి తేలుస్తాయి. ఇవన్నీ మనిషి చేతిలో ఉన్నవే.

టైటానియం గాలి సోకిన వెంటనే తన మీద టైటానియం డయాక్సైడ్ పొర కట్టుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే, మామూలుగా 2 నుంచి 10 వరకు. గీత పడినా ఆక్సిజన్ అందితే పొర తిరిగి ఏర్పడుతుంది. ఎముక ఆ పొరను పరాయి వస్తువుగా నెట్టేయకుండా అతుక్కుపోతుంది కాబట్టే, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు 1965లో మొదటి రోగికి టైటానియం ఇంప్లాంట్లు పెట్టగలిగాడు. ఈ రోజు వాడేవాటిలో కొన్ని స్వచ్ఛమైన టైటానియం, ఎక్కువగా గ్రేడ్ 4. మరికొన్ని గ్రేడ్ 5 మిశ్రమం. అందులో సుమారు 90 శాతం టైటానియం, 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉంటాయి. ఎముకలోని భాగం స్వచ్ఛమైన టైటానియం అయినా, పైన అబట్‌మెంట్‌ను (పన్ను తొడుగును మోసే మధ్య భాగాన్ని) బిగించే చిన్న స్క్రూ చాలాసార్లు గ్రేడ్ 5దే. కాబట్టి రాలేది టైటానియం ఒక్కటే కాకపోవచ్చు.

రేణువు ఎక్కడ పుడుతుంది

మొదటి విడత రాలేది ఇంప్లాంట్‌ను ఎముకలోకి దించేటప్పుడే. నేటి ఇంప్లాంట్ల ఉపరితలం నున్నగా ఉండదు. ఇసుకలాంటి పొడిని వేగంగా చిమ్మి, ఆపైన ఆమ్లంలో ముంచి గరుకు చేస్తారు. లేదా ఆనోడైజ్ చేసి ఆక్సైడ్ పొరను మందం చేస్తారు. మర తిరుగుతూ దిగుతుంటే ఆ గరుకు అంచులు ఎముక పై గట్టి పొరను ఒరుసుకుంటాయి. అందుకే దించేటప్పుడు రాలిన రేణువులు ఎక్కువగా ఇంప్లాంట్ మెడ చుట్టూ, మర అంచుల పక్కన కనిపిస్తాయి. కింది దవడ ముందు భాగంలో ఎముక బాగా గట్టి. అక్కడ రంధ్రం ఇరుకుగా వదిలేసి తిప్పే బలం 50 న్యూటన్ సెంటీమీటర్లు దాటేలా బిగిస్తే ఎముకా నలుగుతుంది, లోహం పై పొరా ఊడుతుంది. చాలా రకాల ఇంప్లాంట్లకు 30 నుంచి 45 మధ్య బిగువు చాలు. గట్టి ఎముక అనిపిస్తే చివరి సైజు డ్రిల్ తప్పక దించాలి, ట్యాప్ అనే మర కోసే పనిముట్టుతో మర తీయాలి. సెలైన్ ధార ఎక్కడా ఆగకూడదు. ఎముక 47 డిగ్రీల వేడి దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1980లలోనే తేలింది. ఆ ధార వేడిని తగ్గించడంతో పాటు రాలిన పొడిని కూడా బయటికి కొట్టుకొస్తుంది. ఈ విడత ఒక్కసారితో ముగుస్తుంది కాబట్టి దీనితో పెద్ద చిక్కు రావడం అరుదు.

రెండోది అలా ఆగేది కాదు. ఎముకలోని భాగానికీ అబట్‌మెంట్‌కూ మధ్య ఉన్న కీలు నమిలిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు కదులుతుంది. రెండు లోహపు తలాలు అంత సన్నగా రాసుకుంటున్నప్పుడు ఆక్సైడ్ పొర చిరుగుతుంది, తిరిగి కడుతుంది, మళ్లీ చిరుగుతుంది. ప్రతి చిరుగుకీ కొంత పొడి. అమరిక బిగువుగా ఉంటే ఇది చాలా తక్కువ. స్క్రూ వదులైతే అనేక రెట్లు పెరుగుతుంది. అబట్‌మెంట్ స్క్రూను కంపెనీ చెప్పిన బిగువుకు, సాధారణంగా 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లకు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. బిగించిన కొద్ది నిమిషాల్లో మరల గరుకు అణిగి కొంత పట్టు సడలుతుంది. అందుకని ఓ 10 నిమిషాలు ఆగి అదే బిగువుకు మరోసారి తిప్పాలి. ఈ రెండో తిప్పుడు చిన్న పనిలా కనిపిస్తుంది. హడావిడి రోజున మొదట వదిలేసేదీ అదే. చేతి డ్రైవర్‌తో అంచనా మీద బిగించి కిరీటం (పన్ను తొడుగు) అంటించేస్తే ఆరు నెలలకో ఏడాదికో పన్ను కదులుతోందని రోగి తిరిగొస్తాడు. ఆ మధ్యకాలమంతా లోపల రాపిడి సాగుతూనే ఉంటుంది.

ఖర్చు తగ్గించాలని అసలు కంపెనీ అబట్‌మెంట్‌కు బదులు నకలు పెట్టినప్పుడు, లేదా లోకల్ ల్యాబ్‌లో నికెల్ క్రోమియంతో పోత పోయించినప్పుడు కూడా ఇదే కథ. పోత భాగం లోపలి తలం మిల్లింగ్ చేసినంత నున్నగా రాదు, అంచు సరిగ్గా కూర్చోదు. పైగా రెండు వేర్వేరు లోహాలు లాలాజలంలో తగులుకొని ఉంటే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఇందులో ముందు తినేసేది ఎక్కువగా నికెల్ మిశ్రమాన్నే, టైటానియాన్ని కాదు. కానీ నికెల్ పడనివాళ్లు టైటానియం కన్నా చాలా ఎక్కువమంది. ముందు పళ్లకు అందం కోసం పెట్టే జిర్కోనియా (తెల్లటి సిరామిక్) అబట్‌మెంట్‌తో ఇంకో సంగతి ఉంది. జిర్కోనియా టైటానియం కన్నా గట్టిది. నేరుగా ఇంప్లాంట్ లోపల కూర్చుంటే మెత్తటి టైటానియాన్ని అరగదీస్తుంది, కొందరిలో చిగురు అంచు బూడిద రంగుకు తిరుగుతుంది. లోపల టైటానియం బేస్, పైన జిర్కోనియా అతికించిన రకాన్ని ఎంచుకుంటే రాపిడి టైటానియానికీ టైటానియానికీ మధ్యనే ఉంటుంది.

ఆమ్లం, ఫ్లోరైడ్, బోరు నీళ్లు

చింతపండు రసం, పులుసు రోజూ తినే ఇళ్లలో “పులుపు లోహాన్ని తినదా?” అనే సందేహం సహజం. రసం పుల్లనిదే. అది నోట్లో ఉండేది కొద్ది క్షణాలు, లాలాజలం వెంటనే దాన్ని విరిచేస్తుంది. చిగురు కిందికి అది చేరదు. ఇంప్లాంట్‌కు పనికిరాని ఆమ్లం చిగురు అంచు కింద పాచిలోని బ్యాక్టీరియా వదిలే లాక్టిక్ ఆమ్లం. అది రోజంతా అక్కడే ఉంటుంది, కడిగే దారి లేదు. ఆ పాచి కింద ఆక్సిజన్ తక్కువ కాబట్టి చిరిగిన ఆక్సైడ్ పొర తిరిగి కట్టడం కష్టమవుతుంది. ఇంప్లాంట్ చుట్టూ వాపు మొదలైతే తెల్ల రక్తకణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా తోడై లోహాన్ని నెమ్మదిగా మరింత కొరుకుతూ పోతుంది. ఇలా కరిగిన టైటానియం అయాన్లుగా ఎక్కువసేపు ఉండలేదు. శరీర ద్రవాల్లో వెంటనే ఆక్సైడ్‌గానో ఫాస్ఫేట్‌గానో మారి సన్నటి రేణువులవుతుంది.

ఫ్లోరైడ్ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను ఇది భయపెడుతుంది. టైటానియాన్ని నిజంగా కొరికేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. మాధ్యమం బాగా ఆమ్లంగా, పీహెచ్ 4 కన్నా కిందకు ఉంటేనే ఫ్లోరైడ్‌లో చెప్పుకోదగ్గ పాలు ఆ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం సుమారు 30 పీపీఎం (పది లక్షల పాళ్లలో 30) దాటితే ఆక్సైడ్ పొర నిలవదని ప్రయోగాల్లో తేలింది. తాగే నీటికి మన ప్రమాణాల్లో 1.5 పీపీఎం ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి. నీళ్లలో దానికి రెండు మూడు రెట్లు ఉన్నా, ఆ నీళ్ల పీహెచ్ 7 చుట్టూ ఉంటుంది, అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లేనట్టే లెక్క. ఆ నీళ్లు ఎముకలకు, పళ్లకు చేసే హాని వేరే సంగతి, అది తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఇంప్లాంట్ లోహాన్ని మాత్రం కరిగించవు. 1000 నుంచి 1450 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న మామూలు టూత్‌పేస్ట్‌కూ భయం లేదు. మానేయాల్సింది ఆమ్ల ఫాస్ఫేట్ కలిపిన ఫ్లోరైడ్ జెల్. అందులో ఫ్లోరైడ్ 1.23 శాతం అంటే 12,300 పీపీఎం, పీహెచ్ 3 నుంచి 3.5. పళ్లు పుచ్చకుండా ఈ జెల్ ట్రేలో పెట్టే క్లినిక్‌లు ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ జెల్ గానీ వార్నిష్ గానీ వాడాలి. కేసు షీట్ మీద ఇంప్లాంట్ ఉన్న సంగతి ఎర్ర ఇంకుతో రాసి ఉంటే ఈ పొరపాటు జరగదు.

కణాల లోపల

చిగురులో పడ్డ రేణువు దగ్గరికి మొదట వచ్చేవి భక్షక కణాలు, మాక్రోఫేజ్‌లు. 1 నుంచి 10 మైక్రాన్ల రేణువులను అవి బాగా మింగుతాయి. నానో సైజువి వేరే దారుల్లో కణంలోకి చొరబడతాయి. మింగాక అరిగించుకోలేవు. ఆ ఇబ్బందిలో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి సంకేతాలను వదులుతాయి. కణం చనిపోతే రేణువు బయటపడుతుంది, మరో కణం దాన్ని మింగుతుంది. ఈ సంకేతాలు పక్కనున్న ఎముక కణాల్లో ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్‌ను పెంచుతాయి, దానికి పగ్గం వేసే ఆస్టియోప్రొటెజెరిన్ పాలు తగ్గుతుంది. ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్‌లు అప్పుడు తయారవుతాయి. కృత్రిమ తుంటి కీళ్లు అరిగినప్పుడు వాటి చుట్టూ ఎముక కరగడానికి కారణం ఇదే. తుంటి గురించి చదివినవాళ్ల భయం పళ్ల మీదికి పాకింది కూడా. కానీ తుంటిలో రెండు పెద్ద తలాలు పూర్తిగా జారుతూ ఒరుసుకుంటాయి. ఇంప్లాంట్ పన్నులో అలా జారే తలం లేదు. రాలే పొడి పరిమాణానికి పోలికే ఉండదు.

ఇంకో తేడా కూడా ఉంది. బ్యాక్టీరియా విషపదార్థం అంటుకున్న టైటానియం రేణువులు కణాలను తీవ్రంగా రెచ్చగొడతాయి. ఆ పదార్థాన్ని పూర్తిగా కడిగేసిన రేణువులకు కణాలు చాలా మెల్లగా స్పందిస్తాయి. తుంటి కీళ్ల పరిశోధనలో ఇది పలుమార్లు రుజువైంది. నోరు ఎప్పుడూ సూక్ష్మజీవులున్న చోటు, ఇక్కడ శుభ్రమైన రేణువు అంటూ ఉండదు. కాబట్టి రేణువును విడిగా, పాచిని విడిగా చూడటం కుదరదు. గాజు పాత్రలో కణాల మీద పోసే రేణువుల మోతాదు నోట్లో ఉండేదానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. “టైటానియం కణాలను చంపుతుంది” అనే శీర్షిక చూసినప్పుడు ముందు ఆ మోతాదు చూడాలి.

సొంత పన్ను చుట్టూ చిగురు నారలు వేరు పై పొరలోకి చొచ్చుకొని పాతుకుంటాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి లోహంలోకి దిగవు, పక్కనే సమాంతరంగా, చుట్టుకొని ఉంటాయి. పన్నుకూ ఎముకకూ మధ్యనుండే పొర, దాని రక్తనాళాలు ఇక్కడ లేవు. అందుకే మొదలైన వాపు లోపలికి త్వరగా దిగుతుంది.

విత్తు ముందా, చెట్టు ముందా

ఇంప్లాంట్ చుట్టూ ఎముక కరుగుతున్న జబ్బు, పెరి ఇంప్లాంటైటిస్, ఉన్నచోట పాచిలోనూ చిగుళ్లలోనూ టైటానియం ఎక్కువ కనిపిస్తుంది. ఈ మాట నిజం. దీన్నుంచి టైటానియమే జబ్బు తెచ్చిందని తేల్చడం మాత్రం తొందరపాటు. వాపు వల్ల ఆమ్లం పెరిగి లోహం కొరుక్కుపోయి ఉండొచ్చు. జబ్బు వచ్చాక డాక్టరు లోహపు పనిముట్లతో గీకి ఉండొచ్చు. ఎముక తగ్గి మరలు బయటపడ్డాక వాటి మీద బ్రష్షూ ఆహారమూ తగులుతూ ఉండొచ్చు. టూత్‌పేస్ట్‌లో తెలుపు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ కూడా లెక్కలోకి వచ్చి ఉండొచ్చు. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి జరిపిన వర్క్‌షాప్ ఈ రేణువులకు జబ్బు కారణంగా పట్టం కట్టడానికి ఆధారాలు చాలవంది. పాచి అదుపు లేకపోవడం, అంతకుముందే చిగుళ్ల జబ్బు ఉండటం, క్రమం తప్పని పరీక్షలు లేకపోవడం ప్రధాన కారణాలుగా నిలిచాయి. పొగ తాగడం, అదుపులో లేని షుగర్ కూడా అనుమానితుల జాబితాలో పైనే ఉన్నాయి. రేణువులు మంట పెట్టవు, ఉన్న మంటను ఆరనివ్వవు అనుకోవడం ఇప్పటి ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

టైటానియం పడకపోవడం, అంటే అలర్జీ, అరుదు. 1500 మంది ఇంప్లాంట్ రోగులను పరిశీలించిన ఒక స్పెయిన్ అధ్యయనంలో పరీక్ష పాజిటివ్ వచ్చింది 9 మందికి, 0.6 శాతం. చర్మం మీద ప్యాచ్ పరీక్షకు టైటానియం విషయంలో నమ్మదగిన ప్రామాణిక ద్రావణం లేదు. రక్తంలో టైటానియం కొలిచి చిగురులో ఏం జరుగుతోందో చెప్పడమూ కుదరదు. ఇలాంటి పరీక్షల ప్యాకేజీలకు డబ్బు కట్టేముందు ఒక ఎక్స్‌రే, చిగురు సందు లోతు కొలిచే ఒక ప్రోబ్ ఏం చెబుతున్నాయో అడగడం మేలు.

నల్ల మచ్చ కనిపిస్తే

మన ప్రాంతంలో చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా, గోధుమ రంగుగా ఉంటాయి. అది మెలనిన్ అనే సహజ రంగు, రెండు పక్కలా ఒకే తీరున పరుచుకొని ఉంటుంది. ఇంప్లాంట్ పెట్టాక ఆ ఒక్క చోటే కొత్తగా బూడిద రంగు వస్తే చూపించుకోవాలి. చిగురు పలచగా ఉండి లోపలి లోహం నీడ కనిపిస్తూ ఉండొచ్చు, ఇది హాని కాదు. పక్క పన్నులోని పాత వెండి ఫిల్లింగ్ పొడి అయ్యుండొచ్చు. లేదా నిజంగా టైటానియం పొడి కావచ్చు. రేణువులు ఎక్స్‌రేలో కనిపించేంత పెద్దవి కావు. అనుమానం బలంగా ఉంటే చిన్న ముక్క తీసి డెంటల్ కాలేజీ ఓరల్ పాథాలజీ విభాగానికి పంపాలి. తిరుపతిలో డెంటల్ కాలేజీ ఉన్నందువల్ల దీనికి చెన్నై దాకా పోనక్కర్లేదు. మామూలు మైక్రోస్కోపులో కణాల మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఏ లోహమో చెప్పాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు జోడించిన ఎక్స్‌రే విశ్లేషణ కావాలి. రోగి చికిత్స దాని మీద ఆధారపడదు కాబట్టి మామూలుగా అంతదూరం వెళ్లరు.

రంగు కన్నా ముందు చూడాల్సినవి రక్తం, చీము, లోతు. సన్నటి ప్రోబ్‌ను మెత్తగా, 0.25 న్యూటన్ల ఒత్తిడి మించకుండా దించాలి. రక్తం వస్తే వాపు ఉన్నట్టు. పాత ఎక్స్‌రేతో పోలిస్తే ఎముక తగ్గి ఉంటే పెరి ఇంప్లాంటైటిస్. పాత ఎక్స్‌రే దొరకనప్పుడు రక్తంతో పాటు లోతు 6 మిల్లీమీటర్లు లేదా పైన, ఎముక తరుగు 3 మిల్లీమీటర్లు లేదా పైన ఉంటే అదే నిర్ధారణ. రేణువుల్ని అనుమానించే ముందు చిగురు కింద మిగిలిపోయిన సిమెంట్ కోసం వెతకాలి. కిరీటం అంటించినప్పుడు కారి గట్టిపడ్డ సిమెంట్ పలుకు ఎంత ఎముకనైనా తినేస్తుంది. తీసేస్తే చాలాసార్లు వాపు తగ్గుతుంది.

ఇక శుభ్రం చేయడం. ఇంప్లాంట్ మీద గార తీయడానికి మామూలు పళ్లకు వాడే స్టీల్ స్కేలర్ మొన తగిలితే టైటానియం మీద గీతలు పడతాయి, పొడి రాలుతుంది, ఆ గీతల్లో పాచి మరింత గట్టిగా పట్టుకుంటుంది. అల్ట్రాసోనిక్ మెషిన్‌కు పీక్ (PEEK) అనే ప్లాస్టిక్ తొడుగు మొన పెట్టాలి, లేదా టైటానియం క్యూరెట్ (చేతితో గీకే పనిముట్టు) వాడాలి. గ్లైసిన్, ఎరిత్రిటాల్ పొడితో గాలి పాలిషింగ్ ఇంకా మృదువైనది. సోడియం బైకార్బొనేట్ పొడి గరుకు, ఇక్కడ వద్దు. ఇంట్లో మెత్తటి బ్రష్, మధ్య సందులకు లోపలి తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్న ఇంటర్‌డెంటల్ బ్రష్. పూత లేని తీగ బ్రష్‌లు కూడా అంగట్లో అమ్ముతారు, కొనేటప్పుడు అడిగి చూడాలి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇంప్లాంట్ చెన్నైలోనో, బెంగళూరులోనో, వేలూరులోనో పెట్టించుకుంటారు. కువైట్‌లో పెట్టించుకొని సెలవుకు వచ్చేవాళ్లూ ఉన్నారు. స్క్రూ వదులైతే వచ్చేది పలమనేరులోనో, కుప్పంలోనో, శ్రీకాళహస్తిలోనో దగ్గర్లోని క్లినిక్‌కు. ఏ కంపెనీదో కాగితం ఉండదు. స్క్రూ తలలు 1.2, 1.25 మిల్లీమీటర్ల షట్కోణాలు, నక్షత్రం ఆకారం, ఇంకా పలు రకాలు. 1.25 తలలో 1.2 డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే మూలలు అరిగి స్క్రూ తల గుండ్రమైపోతుంది. ఆ తరువాత దాన్ని డ్రిల్‌తో తొలిచి తీయాల్సి వస్తుంది, ఆ పొడంతా చిగురు కిందే పడుతుంది. కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ప్రతి ఇంప్లాంట్ పెట్టెలోనూ ఉంటుంది. దాన్ని కేసు షీట్ మీద అతికించి, ఒక కాపీ రోగి చేతికి ఇవ్వడం డాక్టరు బాధ్యత, అడిగి తీసుకోవడం రోగి హక్కు. కిరీటం పెట్టిన రోజు ఎక్స్‌రే, ఏడాదికి మరో ఎక్స్‌రే కూడా ఆ కాపీతో పాటే ఉండాలి.

జబ్బు ముదిరి ఆపరేషన్ చేయాల్సి వస్తే బయటపడ్డ మరలను డైమండ్ బర్‌తో అరగదీసి నున్నగా చేసే పద్ధతి ఒకటి ఉంది, ఇంప్లాంటోప్లాస్టీ అంటారు. పాచి పట్టకుండా నున్నటి తలం రావడం లాభం. ఒక్క పూటలో అంత టైటానియం పొడి పుండులోకి వెళ్లడం నష్టం. ఎముక గుంటను తడి గాజ్ గుడ్డతోనో మెత్తటి రబ్బరు షీటుతోనో కప్పి, పెద్ద సక్షన్ పక్కనే పెట్టి, సెలైన్ ఆపకుండా పోస్తూ చేయాలి. చివర్లో సిలికాన్ పాలిషర్లు, ఆ తరువాత బాగా కడగడం. సన్నటి ఇంప్లాంట్లకు ఇది తగదు. గోడ పలచబడి తరువాత విరిగే ప్రమాదం ఉంది.

పొడవులో సగానికి పైగా ఎముక పోయినా, ఇంప్లాంట్ కదులుతున్నా తీసేయడమే దారి. కదలని ఇంప్లాంట్‌ను గుండ్రటి ట్రెఫైన్ డ్రిల్‌తో చుట్టూ కోసి తీస్తే డ్రిల్ లోహానికి తగిలి మళ్లీ రజను రాలుతుంది, ఎముకా ఎక్కువ పోతుంది. లోపలి కీలు చెక్కుచెదరకుండా ఉంటే ముందు వెనక్కి తిప్పే రాచెట్‌తో ప్రయత్నించాలి. ఎముక పట్టు వదిలాక చేతితో తిరిగి వచ్చేస్తుంది. గుంటలో మిగిలిన మెత్తటి ఎర్రటి కండను క్యూరెట్‌తో పూర్తిగా గీకి తీయాలి, రేణువులు ఎక్కువగా దాగేది అందులోనే. సెలైన్‌తో కడిగి, కుట్టు వేసి, ఎముక నిండడానికి మూడు నాలుగు నెలలు ఆగాక మరో ఇంప్లాంట్ సంగతి చూస్తారు.